బోనులో బతికిన చేపలు

మా కోల్టర్ బెండ్ ఊళ్ళో గూని చేప మాటెత్తితే లైల్ ట్రెడ్‌వే మాటెత్తినట్టే. ఇరవై ఏళ్ళుగా ఆ చేపల్ని పొదిగించి, పెంచి, తీసుకెళ్ళి విల్లో నదిలో వదులుతున్నది అతనే. పేపర్లో రెండుసార్లు బొమ్మ పడింది. బడిపిల్లలు బస్సు దిగి వరసలో నిలబడితే, తొట్టిలో చెయ్యి పెట్టి మూరెడు చేపను పైకి తీసి దాని వీపు నిమరనిచ్చేవాడు. మా తాతల కాలంలో ఆ చేప గాలానికి పడితే తిట్టుకుంటూ ఒడ్డున పారేసి బూటుకాలితో తొక్కేవాళ్ళు. అలాంటిదాన్ని చంపితే జైలేనని ప్రభుత్వం బోర్డు పెట్టిన రోజున ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. లైల్ నవ్వలేదు. ఎంత దొడ్డ మనసో అనుకున్నాం. మనుషుల గురించి మేం పొరపాటుగా అనుకున్నవి చాలానే ఉన్నాయి, వాటిల్లో ఇదొకటి.

తొంభై నాలుగు వసంతంలో లైల్ ఉద్యోగం నుంచి దిగిపోవాల్సిన రోజు దగ్గరపడింది. చేపపిల్లల కేంద్రంలో కొత్తగా తవ్విన చెరువుకు అతని పేరు పెట్టాలనుకున్నారు. దాని గట్టున నది కథంతా చెప్పే ఇత్తడి పలక ఒకటి నిలబెడతారట. కేంద్రం పెద్ద రెనాటా సాండొవాల్, ముప్పై నాలుగేళ్ళ చురుకైన మనిషి, ఆ పలక మీదికి రాసిన నాలుగు పేరాలు తెచ్చి లైల్ ముందు పెట్టింది. మూడో పేరాలో ఇలా ఉంది: ‘అరవై రెండులో మేలురకం చేపల కోసం నదిలో మందు కలిపి పాత చేపలను చంపారు. ఒక ఉద్యోగి అజాగ్రత్త వల్ల ఆ మందు దిగువన ఉన్న రక్షిత లోయలోకి కూడా పోయింది.’

“మీరప్పుడు ఆ పనిలోనే ఉన్నారుగా లైల్, సరిగ్గానే రాశానా?” అని అడిగింది.

లైల్ కళ్ళజోడు తీశాడు, చొక్కా అంచుతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆఁ, దాదాపు,” అన్నాడు.

రెనాటా కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. లైల్ తొట్ల మధ్య అలాగే నిలబడిపోయాడు. ముఖం వేడెక్కి చెవుల దాకా మండింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషికి, చూసేవాళ్ళు ఎవరూ లేనిచోట, సిగ్గుతో ముఖం కాలడమంటే ఏమిటో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆ ‘ఒక ఉద్యోగి’ ఎవరో ఊళ్ళో చంటిపిల్లవాడు కూడా చెప్తాడు. ఆర్డెన్ క్విస్ట్ అని చెప్తాడు. అది కాదని తెలిసినవాడు లైల్ ఒక్కడే. కనీసం ఆ రోజుకి అతను అలాగే అనుకున్నాడు.

అసలు సంగతి ఇది. అరవై రెండులో విల్లో నది పైన కొత్త ఆనకట్ట లేస్తోంది. నీళ్ళు నిలిచాక ట్రౌట్ చేపలు వదిలితే పట్నాల నుంచి గాలాలు పట్టుకుని జనం వస్తారు, మోటళ్ళు నిండుతాయి. అయితే ట్రౌట్ బతకాలంటే గూని చేపతో సహా నదిలో ఉన్న చెత్త చేపలన్నీ పోవాలని పెద్దలు తేల్చారు. ఎక్కడివాటినో తెచ్చి పెంచడానికి, ఇక్కడే పుట్టినవాటిని చంపడానికి పథకం గీశారు. దానికి సంరక్షణ అనే పేరు పెట్టారు. మేమూ అలాగే పిలిచాం. సెప్టెంబరులో వంతెనల మీద పీపాలు పెట్టి మూడు రోజులు చుక్కచుక్కగా మందు వదిలారు. తెల్లటి పొట్టలు తిరగేసుకుని చేపలు తేలుతూ వస్తుంటే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూడ్డానికి వెళ్ళాం.

దిగువన రక్షిత లోయ ఉంది. అక్కడ పువ్వు తెంపినా తప్పే. అందుకని లోయకు పైన, పాత పడవ రేవు దగ్గర ఒక చెక్క దోనెను కాలవలా వాలుగా కట్టి, దాని నుంచి ఊదారంగు పొడి నీళ్ళలో కలిపేవారు. మందు విషాన్ని ఆ పొడి విరిచేస్తుంది. విరిచిందో లేదో ఎలా తెలుస్తుంది? రేవుకు రెండు మైళ్ళ కింద, తీగల బోనులో పది ట్రౌట్ చేపల్ని ఉంచి నీళ్ళలో దించుతారు. గంటగంటకూ ఎత్తి చూసి, ఎన్ని బతికాయో పుస్తకంలో రాయాలి. బోనులో చేపలు బతికుంటే లోయ క్షేమం. చచ్చిపోతే వైర్‌లెస్‌లో చెప్పాలి. వెంటనే పైన ఇంకా కారుతున్న రెండు పీపాలు కట్టేస్తారు, గోదాములో మిగిలిన పొడి లారీలో పంపుతారు. బోను పక్కనే ఊటనీళ్ళు నింపిన ఇనప తొట్టి ఒకటి. అందులో అవసరానికని ఇంకో నలభై చేపలు.

పొద్దున ఆరు నుంచి రెండు దాకా లైల్ కాపలా. రెండు నుంచి ఆర్డెన్. కాపలాకు వచ్చేవాడు దారిలో రేవు దగ్గర ఆగి, దోనె అడ్డుపడకుండా చూసి రావాలి. ఇద్దరూ ఒకే బడి, ఒకే వేసవిలో తాత్కాలికంగా పనిలో చేరారు, ఒకే పాత ట్రక్కును వంతులేసుకుని నడిపేవారు. లైల్, నోలాల పెళ్ళిలో లైల్ పక్కన నిలబడింది ఆర్డెనే. శీతాకాలానికి ఇద్దరికీ ఉద్యోగం ఖాయమవుతుందని పై అధికారి వార్డ్ హెస్లిప్ మాటిచ్చాడు.

మూడో రోజు తొమ్మిదింటికి లైల్ బోను ఎత్తితే మూడు చేపలు చచ్చి ఉన్నాయి. లారీలో కుదుపులకు ట్రౌట్లు ఒకటీ అరా చావడం మామూలే. ఈ పని చేసినవాళ్ళెవరైనా ముందు అదే అనుకుంటారు. కుదుపుకు పోయాయిలే అనుకుని వాటిని తీసేసి, పుస్తకంలో పది అని రాశాడు. పదింటికి ఎత్తితే మిగతా ఏడూ పోయాయి. ఇది లారీ కుదుపు కాదని అతనికి అప్పుడే తెలిసింది. వైర్‌లెస్ పది అడుగుల దూరంలో ఉంది. పన్నెండింటికి పెద్ద అధికార్లనూ పేపరువాళ్ళనూ వెంటబెట్టుకుని వస్తానని హెస్లిప్ పొద్దున్నే చెప్పి ఉన్నాడు. పథకం చెడిందని కబురు చెప్పే మొదటివాడు తాను కావాలా? ఇంకో గంట చూద్దాం, పైన పొడి కాస్త ఎక్కువ పడితే సర్దుకుంటుందేమో అనుకున్నాడు. తొట్టిలోంచి పది కొత్త చేపల్ని బోనులో వేశాడు. చచ్చిన పదింటినీ విల్లో పొదల కింద ఇసకలో పూడ్చాడు. పుస్తకంలో పది అని రాశాడు.

తర్వాతి రోజుల్లో తప్పు హెస్లిప్ మీదికి తోసెయ్యాలని లైల్ మనసులో చాలాసార్లు చూశాడు. తోయడం కుదరలేదు. చేపల్ని మార్చమని హెస్లిప్ అనలేదు, సైగైనా చెయ్యలేదు. ఎవరూ చెయ్యమనని పని అది.

పదకొండున్నరకు మళ్ళీ పది మార్చాడు. పన్నెండింటికి పెద్దలు వచ్చినప్పుడు బోనులో పది చేపలు చురుగ్గా తిరుగుతున్నాయి. ఫొటో తీశారు. హెస్లిప్ వీపు తట్టాడు. ఒంటి గంటకు మళ్ళీ పది. రెండింటికి పది నిమిషాలుందనగా తొట్టిలోంచి చివరి పది వేశాడు. ఆర్డెన్ ట్రక్కు దిగి వచ్చేసరికి లైల్ చేతులు కడుక్కుని నిలబడి ఉన్నాడు. ఎలా ఉందిరా అని ఆర్డెన్ అడిగితే బాగానే ఉంది అన్నాడు. ట్రక్కు తాళాలు తీసుకుని ఇంటికి పోయి, నోలా పెట్టిన జింక మాంసం కూర తిన్నాడు. ఆకలి వేసింది కూడా. అది అతను ఎప్పుడూ మర్చిపోలేదు.

రెండూ ఇరవైకి ఆర్డెన్ బోను ఎత్తి చూసి, పదీ చచ్చాయని ఉన్నదున్నట్టు రాసి, వైర్‌లెస్‌లో అరిచాడు. పొడి వచ్చేసరికి పొద్దు వాలింది. నాలుగు గంటల ముందు రావాల్సిన పొడి అది. మర్నాడు లోయలో మైళ్ళ పొడవునా గూని చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నలభై ఏళ్ళ వయసున్నవి, చేతికర్రంత పొడుగున్నవి.

వారం తర్వాత విచారణ పెట్టారు. పుస్తకం బల్ల మీద ఉంది. రెండింటి దాకా పది, పది, పది. ఆర్డెన్ కాపలా మొదలవగానే సున్నా. పుస్తకం చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? దోనెలో పొడి అడ్డుపడినా ఆర్డెన్ చూసుకోలేదని, దారిలో రేవు దగ్గర ఆగనే లేదని. లైల్‌ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: నువ్వు దిగేసరికి బోనులో చేపలు బతికే ఉన్నాయా? ఉన్నాయండి, అన్నాడు లైల్. అది అబద్ధం కూడా కాదు. అదే దాని దరిద్రం. రెండు కుర్చీల అవతల ఆర్డెన్ తన టోపీ అంచు చూసుకుంటూ కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఆర్డెన్ ఉద్యోగం ఊడింది. లైల్‌ది ఖాయమైంది. ఆర్డెన్ ఇంటి వెనక రేకుల షెడ్డులో రంపాలూ గొడ్డళ్ళూ సానపట్టే పని పెట్టుకున్నాడు. ఊరికి మాత్రం ఒక హాస్యం దొరికింది. ఎక్కడ విందు జరిగినా కాఫీ కెటిల్ దగ్గర ఆర్డెన్ నిలబడితే ఎవరో ఒకరు అనేవారు: “కాఫీ ఆర్డెన్ చేత పోయించుకోకండిరోయ్, పొద్దునకి వెల్లకిలా తేల్తారు.” చర్చి హాల్లో మొదటిసారి ఆ మాట పడ్డప్పుడు అందరితోపాటు లైల్ కూడా నవ్వాడు. ముప్పై రెండేళ్ళు ఆ హాస్యం పాతబడలేదు. మేం పాతబడనివ్వలేదు. ఈ కథ చెప్తున్న నోటితోనే నేనూ రెండుమూడుసార్లు అన్నాను.

చట్టం మారి, చంపిన చేపనే బతికించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు ఆ పనికి ఎవరూ ముందుకు రాలేదు. లైల్ వచ్చాడు. తడి తువ్వాలులో పెద్ద ఆడచేపను చుట్టి, తొడకానించి, బొటనవేలితో పొట్ట రాస్తూ గుడ్లు దించడంలో అతనంత మెత్తటి చెయ్యి ఈ దేశంలో లేదని రెనాటా అంటుంది. ఆ చేతికి ఆ మెత్తదనం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు. ఆనకట్టలు వచ్చాక ఈ నదిలో పిల్లచేపలు పెద్దవి కావడం మానేశాయని, ఇప్పుడు వలలో పడుతున్న ముసలి చేపలన్నీ అరవై రెండుకు ముందు పుట్టినవేనని ఒకసారి ఆమే చెప్పింది. ప్రతి ఒక్కటీ ఆ సెప్టెంబరును దాటి వచ్చినదే అంటూ మురిసిపోయింది. ఆ రోజు నుంచి లైల్ వాటిని ఎత్తినప్పుడల్లా కళ్ళకు తడిగుడ్డ కప్పేవాడు. చేప బెదరకుండా అని పిల్లలకు చెప్పేవాడు.

‘దాదాపు’ అన్న మర్నాడు లైల్ రెనాటా గదికి వెళ్ళాడు. నిజం చెప్పేద్దామనే వెళ్ళాడు. తీరా గుమ్మంలోకి వెళ్ళాక నోట్లోంచి వచ్చింది వేరు. ఆ ‘ఒక ఉద్యోగి’ వాక్యం తీసెయ్యకూడదా, పాతవన్నీ తవ్వడమెందుకు, ఆ మనిషి ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, బాధపడతాడు అన్నాడు. రెనాటా కళ్ళు చెమ్మగిల్లాయి. అవతలివాళ్ళ గురించి ఇంతలా ఆలోచించేది మీరొక్కరే అంటూ ఆ వాక్యాన్ని అప్పుడే కొట్టేసింది. చెప్పడానికి వెళ్ళినవాడు దాచుకుని, మెప్పు కూడా మూటగట్టుకుని తిరిగొచ్చాడు. రెండు రోజులు హాయిగా నిద్రపోయాడు. మూడో రోజు గడ్డం గీసుకుంటూ అద్దంలో ముఖం చూసుకుని, కత్తి పక్కన పెట్టి, సగం సబ్బు తుడిచేసుకుని, పాత రంపం ఒకటి తీసుకుని ఆర్డెన్ షెడ్డుకు నడిచాడు.

ఏటా రెండుసార్లు రంపం ఇస్తాడు, తీసుకుంటాడు, వాన గురించి మాట్లాడతాడు. ఈసారి రంపం చేతిలోనే ఉంచుకుని నిలబడ్డాడు. ఆర్డెన్ సానరాయి ఆపి, “పెట్టు అక్కడ,” అన్నాడు.

లైల్ చెప్పడం మొదలుపెట్టాడు. తొమ్మిదింటి దగ్గర మొదలుపెట్టి రెండింటి దాకా అన్నీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ రంపం పళ్ళనే చూస్తున్నాడు. ఆర్డెన్ మధ్యలో ఒక్కసారి అడ్డుపడ్డాడు.

“నలభై,” అన్నాడు.

“ఏంటి?”

“నువ్వు ఇసకలో పూడ్చినవి. రెండున్నరకి కాకులు గోల పెడ్తుంటే వెళ్ళి చూశా. కాలితో గెలికితే నలభై లెక్కకొచ్చాయి. తొట్టి చూస్తే ఖాళీ. నాకు అప్పుడే తెలుసురా.”

లైల్ పక్కనున్న దుంగ మీద కూలబడ్డాడు. విచారణలో ఎందుకు చెప్పలేదని అడిగాడు.

“నీ కోసం, నోలా కోసం ఊరుకున్నానని అనుకుంటున్నావేమో. అంత మంచోణ్ణి కాదు నేను.” ఆర్డెన్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. “నువ్వు చెప్తావని చూశా. రెండు కుర్చీల అవతలే ఉన్నావుగా. సరే, ఇవాళ భయపడ్డాడు, సోమవారం వెళ్ళి చెప్తాడు అనుకున్నా. ఆ సోమవారం పోయింది. ఇంకో సోమవారం చూశా. తర్వాత చూడ్డం మానేశా. నీ రంపాలు మాత్రం సరిగ్గానే సానపట్టాను, ఎప్పుడూ మొండిగా ఇవ్వలేదు.”

లైల్ ఏడ్చాడు. పలక మీద ఆ మాట రాకుండా తీయించేశానని, ఇక ఎవరూ చదవరని చెప్పాడు. క్షమించమన్నాడు.

ఆర్డెన్ నవ్వాడు, బాగోలేని నవ్వు. “పలక మీద తీయించావు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళలోంచి ఎలా తీయిస్తావు? నాకొచ్చి చెప్పావు చూడు, దీంట్లో ఏం కష్టముంది? ముందే తెలిసినోడికి వచ్చి చెప్పావు. తెలీనోళ్ళకి చెప్పు, పో.” రంపం అందుకుని సానరాయి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు.

శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో విందు. బల్లల నిండా జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపలు, పచ్చ జెల్లీ, ఎల్క్ దుప్పి మాంసం, పండ్లు పెట్టి కాల్చిన పైలు మూడు రకాలు. ఊళ్ళో సగం మంది వచ్చారు. ఆర్డెన్ కూడా వచ్చాడు. వెనక గోడ దగ్గర, కాఫీ కెటిల్ పక్కన, అలవాటైన చోటులోనే నిలబడ్డాడు. ఎవరో అలవాటు ప్రకారం ఆ హాస్యం వేశారు కూడా. అందరూ నవ్వారు. లైల్ నవ్వలేదు. ఈసారి అతను ఎందుకు నవ్వలేదో ఇంకో అరగంటలో మాకు తెలిసింది.

రెనాటా అతన్ని పొగిడి, చేతిలో మైకు పెట్టింది. లైల్ జేబులోంచి కాగితం తీసి, విప్పకుండానే మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. నోలా ముందు వరసలో నవ్వుతూ కూర్చుని ఉంది. ఆమెకూ చెప్పలేదు. అప్పుడు చెప్పాడు. తడబడుతూ, నీళ్ళు నములుతూ, మధ్యలో హెస్లిప్ పేరు ఎత్తబోయి ఆగి, అతని తప్పేం లేదంటూ మొత్తం చెప్పాడు. “అరవై రెండులో లోయలోకి మందు పోనిచ్చింది ఆర్డెన్ కాదు, నేను,” అన్నాడు. “చచ్చిన చేపలు తీసి బతికినవి వేశాను. రాసింది నేను. ఆర్డెన్ ఉన్నదున్నట్టు రాశాడు. మీరు కాఫీ దగ్గర వేసే ఆ మాట నా మీద వెయ్యాల్సింది. నేనూ మీతో కలిసి నవ్వాను.” ఆ చెరువుకు తన పేరు వద్దన్నాడు. పలక మీద ఆ వాక్యం ఉండాలని, ‘ఒక ఉద్యోగి’ అన్నచోట తన పేరు వెయ్యాలని రెనాటాను అడిగాడు.

నోలా నవ్వు ముఖం మీదే ఉండిపోయి, మెల్లగా జారిపోయింది. ఆమె లేచి, చేతిసంచి తీసుకుని, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళి ట్రక్కులో కూర్చుంది.

తర్వాత జరిగింది రాయడానికి నాకే తలవంపుగా ఉంది. జనం లేచి లైల్ చుట్టూ చేరారు. భుజం తట్టారు. ఎంత ధైర్యమయ్యా, ఇలా ఒప్పుకోవడం ఎవరివల్ల అవుతుంది అన్నారు. పాస్టరు కావలించుకున్నాడు. తప్పు చేసినందుకు ఉద్యోగం దొరికింది, దాచినందుకు పేరొచ్చింది, ఒప్పుకుంటే ఇప్పుడు మెచ్చుకోళ్ళు. ఆ చేతులు ఒక్కొక్కటీ భుజం మీద పడుతుంటే లైల్ తల ఇంకా ఇంకా కిందికి దించుకున్నాడు. వెనక గోడ దగ్గర ఆర్డెన్ వైపు ఒక్కరూ పోలేదు. ఆర్డెన్‌తో ఏం మాట్లాడాలో మాకు తెలియలేదు. లైల్‌ను మెచ్చుకోవడం తేలిక.

“నా దగ్గరికెందుకు వస్తున్నారు?” అన్నాడు లైల్. “అతనక్కడున్నాడు.”

అరగంట కిందట ఆ హాస్యం వేసిన మనిషి ఖాళీ కప్పు పట్టుకుని వెనక్కి నడిచాడు. ఆ మనిషిని నేనే, దాచడమెందుకు. కప్పు చాపి, కాస్త పోస్తావా ఆర్డెన్ అన్నాను. అతను నా ముఖంలోకి చూడలేదు, పోశాడు. నా వెనక ఇద్దరు ముగ్గురు వచ్చారు. అంతే, ఊరంతా ఏం రాలేదు. చాలామంది పైల దగ్గరికి పోయారు.

చివర్న లైల్ వచ్చాడు. కప్పు చాపాడు. ఆర్డెన్ ఆ కప్పు వైపు చూశాడు, కెటిల్ బరువు చేత్తో అంచనా వేశాడు. అందులో కాఫీ ఇంకా ఉందని నాకూ తెలుసు. అతను కెటిల్‌ను బల్ల మీద, లైల్‌కు అందేలా పెట్టాడు.

“నీది నువ్వు పోసుకోరా,” అని, టోపీ పెట్టుకుని, ముందు తలుపులోంచి బయటికి నడిచాడు.

లైల్ పోసుకున్నాడు.